కంప్యూటర్‌లో ధ్వని ఏ దారిన పోతుంది?

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం.

మీరు కంప్యూటర్‌లో సన్నగా పాట పెట్టుకొని లెక్కలు చేసుకుంటున్నారనుకోండి. ఇంతలో కొత్త సందేశం వచ్చినట్లు 'టింగ్' మని గంట మోగింది. అదే సమయంలో హైదరాబాదులో చదువుకుంటున్న మీ అన్నయ్య వీడియో కాల్ చేశాడు. పాట, గంట, అన్నయ్య గొంతు మూడు వేరువేరు ప్రోగ్రాముల నుంచి బయలుదేరాయి. కాని స్పీకరు ఒక్కటే! అయినా మూడూ కలిసి చక్కగా వినిపించాయి. వాటిని కలిపింది ఎవరు? మీ మాట అన్నయ్యకు చేరాలి, మీరు పెట్టుకున్న పాట మాత్రం చేరకూడదు. ఈ దారులు వేసింది ఎవరు?

ఈ పనులు చేసేది ఆపరేటింగ్ సిస్టం. విండోస్, మాక్ ఓఎస్, లినక్స్ అనే మూడు పేర్లు మీరు వినే ఉంటారు. మూడూ ఇదే పని చేస్తాయి. కాని ఒక్కొక్కటి ఒక్కొక్క పద్ధతిలో చేస్తుంది.

ఈ తేడా తెలుసుకోవడం మనకెందుకు? కారణం ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. ఆ తరువాతి విండోస్ 11 చాలా పాత కంప్యూటర్లలో ఎక్కదు. కనుక పల్లెల్లోను, పట్టణాల్లోను ఎన్నో బడుల ముందు ఒక ప్రశ్న నిలిచింది: బాగా పనిచేస్తున్న కంప్యూటర్లను మూలన పెట్టాలా, లేక వాటిలో లినక్స్ వంటి మరో వ్యవస్థను వేసుకోవాలా? ఆ గదిలో పాఠాలు వినేవారుంటారు, పాటలు రికార్డు చేసేవారుంటారు. తెరను చూడలేక, కంప్యూటర్ మాటలనే విని చదువుకునే అంధ విద్యార్థి కూడా ఉండవచ్చు. ఆ విద్యార్థికి శబ్దం ఆగిపోతే కంప్యూటరే ఆగిపోయినట్లు! కాబట్టి నిర్ణయం చేసే ముందు ధ్వని నడిచే దారిని తెలుసుకుందాం.

ధ్వని అంకెలుగా మారే విధం

ధ్వని అంటే గాలిలో కలిగే కంపనాలని మీరు భౌతికశాస్త్రంలో చదివారు. మైకు ఈ కంపనాలను విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. కంప్యూటర్‌కు అంకెలు తప్ప మరేమీ తెలియవు. అందుచేత సౌండ్ కార్డు ఆ సంకేతాన్ని సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక అంకెగా రాసుకుంటుంది. ఈ కొలతలనే 'శాంపిళ్ళు' అంటారు.

సంగీతపు సీడీలలో సెకనుకు 44,100 కొలతలు ఉంటాయి. వీడియోలలో సాధారణంగా 48,000 ఉంటాయి. ఇన్ని ఎందుకు? మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకు వినగలదు. ఒక కంపనాన్ని సరిగా పట్టుకోవాలంటే దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. అందుకని 40,000 దాటిన సంఖ్యను ఎంచుకున్నారు.

ఒక్కొక్క కొలతకు 2 బైట్ల చోటు కేటాయిస్తే ఎడమ, కుడి స్పీకర్లు రెండింటికీ కలిపి ఒక నిమిషం పాటకు ఎంత చోటు కావాలి? 48,000 × 2 × 2 × 60 = 1,15,20,000 బైట్లు. అంటే కోటికి పైగా! ఇన్ని అంకెలూ వరుస తప్పకుండా, వేళ తప్పకుండా సౌండ్ కార్డుకు అందాలి. ఒక్క క్షణం అందకపోయినా స్పీకరులో 'టక్' మన్న చప్పుడు వినిపిస్తుంది.

డ్రైవర్ అంటే ఎవరు?

మన జిల్లాలో చాలామందికి నిజాంసాగర్ సంగతి తెలుసు. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన ప్రాజెక్టు అది. దాని నిర్మాణంలో ప్రధాన పాత్ర వహించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టినరోజైన జూలై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుకొంటున్నాం. ఆ కాలువల నీటితోనే బోధన్ చుట్టుపక్కల చెరకు తోటలు పెరిగాయి.

కాలువ నీరు కావాలంటే రైతు తానే వెళ్ళి గేటు ఎత్తడు. గేట్ల పని చూసే లష్కర్ ఉంటాడు. ఏ తూముకు చక్రం ఎటు తిప్పాలో, ఎన్ని చుట్లు తిప్పాలో అతనికే తెలుసు. రైతుకు తెలియవలసింది 'నీళ్ళు కావాలి' అని అడగడం ఒక్కటే.

కంప్యూటర్‌లో ఈ లష్కర్ వంటిదే డ్రైవర్. ఇది ఒక చిన్న ప్రోగ్రాము. ఒక్కో కంపెనీ చేసిన సౌండ్ చిప్‌కు ఒక్కో తీరు ఉంటుంది. దాన్ని ఎలా లేపాలి, అంకెలను ఎక్కడ పెట్టాలి, శబ్దం ఎలా పెంచాలి అన్నవి డ్రైవర్‌కు తెలుసు. పాట వినిపించే ప్రోగ్రాముకు అవేమీ తెలియనక్కరలేదు.

అయితే ఒక చిక్కు ఉంది. విండోస్ కోసం రాసిన డ్రైవర్ లినక్స్‌లో పనిచేయదు. లినక్స్‌ది మాక్‌లో పనిచేయదు. చిప్ ఒకటే అయినా, పై అధికారి భాష మారితే లష్కర్ కూడా మారవలసిందే. తయారీ కంపెనీలు ఎక్కువమంది వాడే విండోస్‌కు ముందుగా డ్రైవర్ రాస్తాయి. లినక్స్‌కు కొన్ని కంపెనీలే రాసి ఇస్తాయి. మిగిలిన వాటికి ప్రపంచం నలుమూలల ఉన్న ప్రోగ్రామర్లు చిప్ తీరు తెలుసుకొని స్వయంగా రాస్తారు.

ఈ బాధను చాలావరకు తీర్చినవి ఉమ్మడి ప్రమాణాలు. ఇంటెల్ సంస్థ 2004లో 'హై డెఫినిషన్ ఆడియో' అనే ప్రమాణాన్ని తెచ్చింది. అందుచేతనే ఆ తరువాత వచ్చిన చాలా కంప్యూటర్ల లోపలి సౌండ్ చిప్‌లు ఏ వ్యవస్థలోనైనా పలుకుతాయి. యూఎస్‌బీ మైకులకు, హెడ్‌ఫోన్లకు కూడా అలాంటి ప్రమాణం ఉంది. దాన్ని పాటించే మైకును తగిలిస్తే చాలు, వేరే డ్రైవర్ వేయకుండానే మూడు వ్యవస్థలూ గుర్తిస్తాయి. ఈ ప్రమాణపు రెండో రూపానికి విండోస్ తన సొంత డ్రైవర్‌ను 2017లో ఇచ్చింది. మాక్, లినక్స్‌లలో అది అంతకు కొన్నేళ్ళ ముందే ఉంది.

చెరకు యార్డు చెప్పే పాఠం

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వద్దాం. అంకెలు సౌండ్ కార్డుకు వేళ తప్పకుండా అందాలన్నాం. కాని కంప్యూటర్‌కు వెయ్యి పనులు. మధ్యలో అది మరో పని మీదికి మళ్ళితే ఎట్లా?

దీనికి జవాబు బోధన్‌లో దొరుకుతుంది. శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 1930ల చివర్లో మొదలై, 2015 డిసెంబరులో మూతపడింది. అది నడిచిన రోజుల్లో చెరకు బండ్లు, ట్రాక్టర్లు యార్డులో బారులు తీరేవని మీ ఇంట్లో పెద్దలు చెప్పే ఉంటారు. అలా నిలబెట్టడంలో ఒక అవసరం ఉంది. గానుగ ఒకసారి తిరగడం మొదలుపెట్టాక చెరకు అందక ఆగకూడదు. దారిలో ఒక బండి ఆలస్యమైనా, యార్డులో ఉన్న చెరకుతో గానుగ తిరుగుతూనే ఉంటుంది. అయితే యార్డులో చెరకు ఎక్కువసేపు ఉంటే ఎండి బరువు తగ్గుతుంది, అందులోని చక్కెర పాలు కూడా తగ్గుతుంది. అంటే వరుస పెద్దదైతే గానుగ ఆగదు గాని చెరకు పాతబడుతుంది. వరుస చిన్నదైతే చెరకు తాజాగా ఉంటుంది గాని గానుగ ఆగే ప్రమాదం ఉంది.

సౌండ్ కార్డు ముందు కూడా అలాంటి యార్డు ఒకటి ఉంటుంది. దాని పేరు 'బఫర్'. అంకెలు ముందుగా వచ్చి అక్కడ నిలబడతాయి. బఫర్ పెద్దదైతే పాట తెగదు, కాని ఆలస్యంగా వినిపిస్తుంది. బఫర్ చిన్నదైతే వెంటనే వినిపిస్తుంది, కాని కంప్యూటర్ కాస్త తడబడితే 'టక్ టక్' మంటుంది.

ఎంత ఆలస్యమో మనమే లెక్క కట్టవచ్చు. సెకనుకు 48,000 కొలతలైతే:

64 కొలతల బఫర్‌లో ఆలస్యం 64 ÷ 48,000 = సుమారు 1.3 మిల్లీసెకన్లు.

256 కొలతల బఫర్‌లో సుమారు 5.3 మిల్లీసెకన్లు.

1,024 కొలతల బఫర్‌లో సుమారు 21.3 మిల్లీసెకన్లు.

గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. ఆ లెక్కన 21.3 మిల్లీసెకన్లంటే ఏడు మీటర్లకు పైగా దూరంలో నిలబడి విన్నట్లు. పైగా ఇది ఒక వైపు లెక్క మాత్రమే. మైకు నుంచి లోపలికి ఒక బఫర్, లోపలి నుంచి స్పీకరుకు మరొక బఫర్ ఉంటాయి. రెండూ కలిస్తే ఆలస్యం రెట్టింపు అవుతుంది. మధ్యలోని ఇతర పనులకు పట్టే కాలం దీనికి అదనం.

రికార్డు చేసిన పాఠం వినేవారికి ఈ ఆలస్యంతో పనిలేదు. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారం చేశారు. అటువంటి పాఠం పావు సెకను ఆలస్యంగా మొదలైతే ఎవరికి నష్టం? ఎవరికీ లేదు. కాని కోలాటం సంగతి వేరు. మీ కర్ర తగిలిన చప్పుడు మీ చెవికి ఆలస్యంగా చేరితే తరువాతి దెబ్బ తప్పుతుంది. హెడ్‌ఫోన్‌లో తన గొంతు తాను వింటూ పాడే అమ్మాయి ఇబ్బందీ అదే. సుమారు 10 మిల్లీసెకన్ల లోపు ఆలస్యాన్ని చాలామంది గుర్తించరు. 20, 30 దాటితే పాడేవారికి అడ్డు తగులుతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో ఇది సాధారణంగా 100 మిల్లీసెకన్లకు మించే ఉంటుంది. కాబట్టి పాట రికార్డు చేసేటప్పుడు తీగ ఉన్న హెడ్‌ఫోన్లే వాడాలి.

కలపడమంటే కూడడమే

ఇక మూడు ధ్వనులను ఒకటి చేయడం చూద్దాం. ఇది వినడానికి వింతగా ఉన్నా, నిజానికి కూడిక మాత్రమే! పాటలో ఒక కొలత 12,000, గంటలో అదే క్షణపు కొలత 9,000 అయితే స్పీకరుకు 21,000 పంపాలి. అంతే.

కాని 2 బైట్ల కొలత 32,767 దాటలేదు. 25,000కు 20,000 కలిపితే 45,000. పాత్ర నిండి పొర్లినట్లు, పై భాగం తెగిపోయి గరగరమంటుంది. అందుచేత నేటి వ్యవస్థలు కూడేటప్పుడు దశాంశాలతో కూడిన పెద్ద పాత్రను వాడి, చివరికి స్పీకరుకు సరిపడేలా తగ్గించి పంపుతాయి. ఒక పాట సెకనుకు 44,100 కొలతలది, మరొకటి 48,000ది అయితే ముందుగా వేగం సమం చేయాలి. ఆ రెండింటి నిష్పత్తి 147 : 160. అంటే ప్రతి 147 కొలతల నుంచి 160 కొత్త కొలతలు తయారు చేయాలన్నమాట. ఈ కూడిక, ఈ సమానం చేయడం అన్నీ కాలం తీసుకునే పనులే.

ఇక్కడే అసలు సమస్య వస్తుంది. అందరినీ కలుపుకొని పోతే ఆలస్యం పెరుగుతుంది. ఒక్కరికే దారి వదిలితే వేగం పెరుగుతుంది గాని మిగిలినవారి గొంతు మూగబోతుంది. కాలువ తలాపున ఉన్న రైతు నీళ్ళన్నీ మళ్ళించుకుంటే చివరి ఆయకట్టు ఎండిపోయినట్లు! మూడు వ్యవస్థల చరిత్ర అంతా ఈ ఒక్క సమస్యకు వెదికిన జవాబులే.

విండోస్ నడిచిన దారి

విండోస్ 3.0కు 1991లో ధ్వని, చిత్రాల కోసం అదనపు భాగాలు చేర్చారు. అప్పట్లో సాధారణంగా ఒకసారికి ఒక ప్రోగ్రామే పలికేది. తరువాత విండోస్ 98, 2000, ఎక్స్‌పీ కాలంలో అనేక ప్రోగ్రాముల ధ్వనులను కలిపే భాగాన్ని వ్యవస్థ గుండెకాయలోనే, అంటే 'కెర్నల్'లోనే పెట్టారు. ధ్వనులు కలిశాయి. కాని ఆ ఒక్క మెట్టుకే సుమారు 30 మిల్లీసెకన్ల ఆలస్యం వచ్చింది.

సంగీతకారులకు ఇది పనికిరాలేదు. జర్మనీలోని హాంబర్గ్ నగరానికి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో 'ఏసియో' అనే పద్ధతిని తెచ్చింది. ఇది విండోస్ కలిపే భాగాన్ని దాటవేసి, నేరుగా సౌండ్ కార్డు దగ్గరికి అడ్డదారి వేసింది. నేటికీ విండోస్‌లో స్టూడియో పనులు ఎక్కువగా ఈ దారినే సాగుతున్నాయి. అయితే సాధారణంగా ఆ కార్డును చేసిన కంపెనీయే ఏసియో డ్రైవర్ కూడా ఇస్తుంది.

2007 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన విస్టాతో మైక్రోసాఫ్ట్ ధ్వని దారిని తిరగరాసింది. కలిపే పనిని కెర్నల్ బయటికి తెచ్చింది. అందులో తప్పు జరిగినా కంప్యూటర్ మొత్తం నీలి తెర చూపి ఆగిపోకుండా ఉండాలన్నది ఒక ఉద్దేశం. ఒక్కో ప్రోగ్రాము శబ్దాన్ని విడివిడిగా పెంచే, తగ్గించే వీలు కూడా అప్పుడే వచ్చింది. 'వాసాపి' అనే ఈ కొత్త పద్ధతిలో రెండు దారులున్నాయి. ఉమ్మడి దారిలో అందరి ధ్వనులూ 10 మిల్లీసెకన్లకొక మారు కలుస్తాయి. సొంత దారిలో ఒకే ప్రోగ్రాము సౌండ్ కార్డును చేజిక్కించుకుంటుంది. 2015లో వచ్చిన విండోస్ 10 ఉమ్మడి దారిలో కూడా 10 కంటే తక్కువ ఆలస్యానికి వీలు కల్పించింది. 2018 నుంచి ఏ ప్రోగ్రాము ఏ స్పీకరులో పలకాలో సెట్టింగుల్లోనే ఎంచుకోవచ్చు. కాని ఒక ప్రోగ్రాము ధ్వనిని మరో ప్రోగ్రాములోకి మళ్ళించాలంటే సాధారణంగా బయటివారు చేసిన అదనపు ప్రోగ్రాము వేసుకోవాలి.

మాక్ పద్ధతి

ఆపిల్ సంస్థ 2001లో మాక్ ఓఎస్ టెన్‌ను విడుదల చేసినప్పుడే 'కోర్ ఆడియో' అనే వ్యవస్థను చేర్చింది. కంప్యూటర్‌నూ, దానిలోని చిప్‌నూ, ఆపరేటింగ్ సిస్టంనూ తానే నిర్ణయిస్తుంది కాబట్టి దానికి ఒక సౌకర్యం ఉంది. పాత దారికి అతుకులు వేయక, కొత్త దారిని ఒకేసారి వేయగలిగింది. ఇందులో ఒక ప్రోగ్రాము చిన్న బఫర్‌తో వేగంగా నడుస్తుంటే, పక్కనే మరొకటి పెద్ద బఫర్‌తో నింపాదిగా నడవవచ్చు. ఇద్దరికీ ఒకే సౌండ్ కార్డు. వేగానికి వేరుగా అడ్డదారి అక్కరలేదు. సంగీతకారులు మాక్‌ను ఇష్టపడడానికి ఇది ఒక ముఖ్య కారణం.

2005లో వచ్చిన రూపంలో రెండు మూడు సౌండ్ పరికరాలను కలిపి ఒకే పెద్ద పరికరంగా వాడుకునే ఏర్పాటు వచ్చింది. అయితే ఒక ప్రోగ్రాము ధ్వనిని మరొకటి తీసుకోవడానికి ఇక్కడా చాలాకాలం బయటి ప్రోగ్రాములే దిక్కయ్యాయి. పైగా మాక్ ఓఎస్‌ను ఆపిల్ తన కంప్యూటర్ల కోసమే ఇస్తుంది. మన బడుల్లోని పాత కంప్యూటర్లకు ఇది సులభమైన మార్గం కాదు.

లినక్స్ కథ

ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను మొదలుపెట్టాడు. మరుసటి సంవత్సరమే ఆ దేశానికే చెందిన హన్ను సావొలైనెన్ దానికి ధ్వనినిచ్చాడు. తరువాత చెక్ దేశస్థుడైన యారొస్లావ్ కిసెలా 1998లో 'ఆల్సా' అనే కొత్త డ్రైవర్ల వ్యవస్థకు శ్రీకారం చుట్టాడు. 2003 డిసెంబరులో వచ్చిన లినక్స్ 2.6 కెర్నల్‌లో ఆల్సా స్థానం సంపాదించింది. నేటికీ లినక్స్‌లో లష్కర్ల పని చూసేది అదే.

కాని ఆల్సాను నేరుగా వాడితే చాలా కార్డుల్లో ఒక ప్రోగ్రాము పలుకుతుండగా రెండోదానికి 'కార్డు ఖాళీ లేదు' అనే జవాబు వచ్చేది. కలిపేవారు కావలసి వచ్చారు. ఇద్దరు వచ్చారు, కాని ఇద్దరివీ రెండు దారులు! 2002లో పాల్ డేవిస్ తెచ్చిన 'జాక్' సంగీతకారుల కోసం. దీనిలో ఏ ప్రోగ్రామునైనా ఏ ప్రోగ్రాముకైనా తీగ కలిపినట్లు కలపవచ్చు. ఆలస్యం బహు తక్కువ. 2004లో లెనార్ట్ పొట్టరింగ్ మొదలుపెట్టిన 'పల్స్ ఆడియో' సామాన్యుల కోసం. పాట, గంట, ఫోను అన్నీ కలిసి వినిపిస్తాయి గాని ఆలస్యం ఎక్కువ. ఒకటి వాడితే రెండోదానితో చిక్కు. లినక్స్‌లో శబ్దం సతాయిస్తుందన్న మాట అలా ప్రచారమైంది.

ఈ రెండు దారులనూ ఒకటి చేయడానికి విమ్ టేమాన్స్ 'పైప్‌వైర్' అనే కొత్త వ్యవస్థను తయారు చేశాడు. దాన్ని 2017లో ప్రకటించారు. పైప్ అంటే గొట్టం, వైర్ అంటే తీగ. పేరులోనే పని ఉంది చూశారా! పల్స్ ఆడియో కోసం రాసిన ప్రోగ్రాములు, జాక్ కోసం రాసిన ప్రోగ్రాములు రెండూ దీనిలో పక్కపక్కనే నడుస్తాయి. 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఫెడోరా 34లో, 2022 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 22.10లో ఇదే ప్రధాన ధ్వని వ్యవస్థ అయింది. ఒక చిన్న ప్రోగ్రాము వేసుకుంటే ధ్వని దారులన్నీ తెర మీద పటంలా కనిపిస్తాయి. మైకు నుంచి గీత గీసి రికార్డరుకు కలపవచ్చు, అక్కరలేని గీతను తుడిచేయవచ్చు. ధ్వనిని కావలసిన చోటికి మళ్ళించే పనిలో నేడు లినక్స్‌దే పైచేయి అని చెప్పవచ్చు. 2024 నవంబరులో వచ్చిన 6.12 కెర్నల్‌తో, పని వేళకు జరిగేలా చూసే 'రియల్ టైమ్' ఏర్పాటు కూడా ప్రధాన లినక్స్‌లో చేరింది.

మన భాషకు సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. లినక్స్ మూలం అందరికీ తెరిచి ఉంటుంది గనుక ఎవరైనా దానిని తమకు తగినట్లు మలచుకోవచ్చు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' అనే సంస్థ మెనూలు తెలుగులో కనిపించే లినక్స్‌ను ఇలాగే తయారు చేసింది.

చివరి ఆయకట్టు విద్యార్థి

ఇప్పుడు మొదట్లో చెప్పిన అంధ విద్యార్థి సంగతికి వద్దాం. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాములున్నాయి. వాటిని 'స్క్రీన్ రీడర్లు' అంటారు. విండోస్‌లో 'ఎన్‌వీడీఏ' ఉంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే అంధ యువకుడు 2006లో దీనిని మొదలుపెట్టాడు. ఇది ఉచితం. లినక్స్‌లో 'ఆర్కా' ఉంది, అదీ ఉచితమే. మాక్‌లో 'వాయిస్ ఓవర్' 2005 నుంచి వ్యవస్థతోనే వస్తోంది. 'ఈస్పీక్' అనే ఉచిత గొంతుతో ఎన్‌వీడీఏ, ఆర్కా రెండూ తెలుగు చదవగలవు.

ఈ విద్యార్థి ఒక మీట నొక్కగానే ఆ అక్షరం చెవిన పడాలి. అప్పుడే తరువాతి మీట నొక్కగలడు. అతనికి ఆలస్యం తక్కువ ఉండాలి. అదే సమయంలో పాఠం వీడియో కూడా వినబడాలి కాబట్టి ధ్వనులు కలవాలి. వేగమూ పంపకమూ రెండూ కావలసినవాడు అతనే.

విండోస్‌లో ఒక సంగీత ప్రోగ్రాము సొంత దారి తీసుకుందనుకోండి. కార్డు దాని వశమవుతుంది. ఆ క్షణాన స్క్రీన్ రీడర్ మూగబోవచ్చు. చూపున్నవారికి అది చిన్న చికాకు. ఆ విద్యార్థికి మాత్రం కళ్ళ ముందు తలుపు మూసుకున్నట్లే. లినక్స్‌లోనైనా ధ్వని వ్యవస్థ సరిగా లేవకపోతే అదే గతి. చూశారా, డ్రైవర్లు, బఫర్లు అనే పొడి మాటల వెనుక ఒక సహాధ్యాయి చదువు ఎలా ఆధారపడి ఉందో!

దీనికి మందు మీ చేతిలోనే ఉంది. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో స్పీకరు ప్రాపర్టీస్ తెరిస్తే, 'అడ్వాన్స్‌డ్' అనే పుటలో ప్రోగ్రాములు పరికరాన్ని పూర్తిగా వశపరచుకోవచ్చునా అని అడిగే గడి ఉంటుంది. అందులోని టిక్కు తీసేయండి. ఇక కార్డు ఉమ్మడిగానే ఉంటుంది. అలాంటి కంప్యూటర్ ఒకటి మీ బడిలో ఉంటే మీ సైన్సు ఉపాధ్యాయుని అనుమతితో ఈ పని చేయండి.

మరి ఏది మేలు?

'ఏ వ్యవస్థ గొప్పది?' అని అడిగితే జవాబు రాదు. 'ఏ పనికి?' అని అడగాలి. పాఠాలు వినడానికి మూడూ చాలు. కొత్త కొత్త పరికరాలకు డ్రైవర్లు దొరకడంలో విండోస్ ముందుంది. తలనొప్పి లేకుండా పాటలు రికార్డు చేయడంలో మాక్ సుఖం, కాని ఖరీదు ఎక్కువ. పాత కంప్యూటర్‌కు కొత్త ఊపిరి పోయడంలోను, ధ్వనిని కోరిన చోటికి మళ్ళించడంలోను లినక్స్ అక్కరకొస్తుంది.

లినక్స్ వేయాలనుకుంటే తొందరపడవద్దు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, హార్డ్‌డిస్క్‌ను ముట్టకుండా నడిపి చూడవచ్చు. అలా నడిపి నాలుగు పరీక్షలు చేయండి: స్పీకరు పలుకుతున్నదా? మైకు వింటున్నదా? పాట, వీడియో ఒకేసారి వినిపిస్తున్నాయా? ఆర్కా స్క్రీన్ రీడర్ చదువుతున్నదా? నాలుగూ నెగ్గితేనే ముందుకు సాగండి.

చేసి చూడండి

మీ కంప్యూటర్ ఎంత ఆలస్యం చేస్తుందో మీరే కొలవవచ్చు. కావలసినవి ఒక మైకు, ఒక స్పీకరు, 'ఆడాసిటీ' అనే ఉచిత ప్రోగ్రాము. ఇది మూడు వ్యవస్థల్లోనూ దొరుకుతుంది.

ముందుగా ఆడాసిటీ సెట్టింగుల్లో 'లేటెన్సీ కాంపెన్సేషన్' అన్న చోట 0 వేయండి. లేకపోతే ప్రోగ్రాము తానే ఆలస్యాన్ని సరిదిద్దాలని చూస్తుంది, మీ కొలత తప్పుతుంది. తరువాత 'రిథమ్ ట్రాక్' ద్వారా టక్ టక్ మనే చప్పుళ్ళు తయారు చేయండి. మైకును స్పీకరుకు ఆనించి పెట్టండి. ఒక ట్రాక్ పలుకుతుండగా మరొకటి రికార్డయ్యే ఏర్పాటును ఎంచుకొని రికార్డు మీట నొక్కండి. ఇప్పుడు తెర మీద పైన అసలు చప్పుడు, కింద మైకు విన్న చప్పుడు కనిపిస్తాయి. రెండింటి మధ్య దూరాన్ని పెద్దది చేసి కొలవండి. అదే మీ కంప్యూటర్ ఆలస్యం.

ఇప్పుడు బఫర్ విలువ తగ్గించి మళ్ళీ కొలవండి. ఆలస్యం తగ్గుతుంది. ఇంకా తగ్గించండి. ఒక చోట 'టక్' మనే తెగుళ్ళు మొదలవుతాయి. అది మీ గానుగకు చెరకు చాలని చోటు! అదే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ లినక్స్‌తో నడిపి మరోసారి కొలవండి. ఒకే యంత్రం, రెండు వ్యవస్థలు, రెండు అంకెలు. వాటిని ఒక పట్టికలో రాసి తరగతి గోడకు అంటించండి.

బడి కంప్యూటర్ల గురించి పెద్దలు నిర్ణయం చేసేటప్పుడు ఊహల కంటే ఆ పట్టిక ఎక్కువ పనికివస్తుంది. అందులో తప్పనిసరిగా ఒక గడి స్క్రీన్ రీడర్‌కు కేటాయించండి. కాలువ బాగున్నదీ లేనిదీ తెలిసేది తలాపున కాదు, చివరి మడి దగ్గరే కదా!